పదకొండు సెకన్లు

హలో… ఆ, నేనే. ఉండమ్మా, ట్రాక్టర్ ఆపనీ, ఈ రొదలో ఏమీ వినబడి చావట్లేదు… ఆఁ, ఇప్పుడు చెప్పు మేరెన్.

…ఆటల కమిటీ ఉత్తరం వచ్చిందా! ఏమన్నారు?… ఏడవకు తల్లీ. ముందు ఏం రాశారో చెప్పు.

…కుదరదన్నారా? అదేంటి! సీజన్‌లో మూడో ఆటకే నీ మోకాలు పోయింది కదా. అలా దెబ్బతిన్న ఏడాది లెక్కలోకి రాదు, కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఇంకో ఏడాది ఆడనిస్తాం అని వాళ్ళేగా అన్నారు?…

ఏ ఆట ఆడావట మళ్ళీ?… ఫిబ్రవరిలోదా…

అది ఆటేంటే! ఆఖరి ఏడాది పిల్లలకి వీడ్కోలు రోజు. నేనూ మీ అమ్మా నీకు చెరోపక్కా నడిచాం, పూలిచ్చాం. నువ్వు మోకాలికి పట్టీతో కుంటుకుంటూ వెళ్ళి ఒక్క బంతి బుట్టలో వేశావు. అవతలి జట్టు పిల్లలు చూస్తూ నిలబడ్డారు, అడ్డం కూడా రాలేదు. మొత్తం పదకొండు సెకన్లు!

…అయినా ఆడినట్టేనా? సీజన్ రెండో సగంలో కోర్టులో కాలు పెడితే చాలా, ఆ ఏడాది లెక్కలోకి వచ్చేస్తుందా?…

హు…

కోచ్ వోండ్రాని ఏమీ అనకు. …లేదు, ఆవిడకి బుద్ధి లేకపోవడం కాదు. మేరెన్, నన్ను చెప్పనీ.

ఆవిడ వద్దనే అంది. "రూలు కనుక్కోనీ రస్సెల్, తొందరపడకు" అంది. నేనే వింటేగా! పిల్ల నానమ్మ చక్రాల కుర్చీలో అంత దూరం వచ్చింది, ఒక్క క్షణం ఆడించండి, మీకు పుణ్యముంటుంది అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆ రూలు సంగతి నీకు చెప్పొద్దన్నదీ నేనే.

…అవును. నేనే.

…ఎందుకంటే ఏం చెప్పను? మూడేళ్ళు బెంచీ మీదే కూర్చున్నావు. నాలుగో ఏడు ఆడిస్తున్నారనగానే ఇలా అయింది. ఆ జెర్సీలో నిన్ను మళ్ళీ చూస్తానో లేదో అనిపించింది. పిచ్చి వెధవని.

పోనీ నేనే రాస్తాను వాళ్ళకి, తప్పు నాది, పిల్లది కాదని… ఇదే ఆఖరి నిర్ణయం, ఇక మార్చం అని కూడా రాశారా?…



ఏంటీ, నేను తిన్నానా?… ఆఁ, తిన్నాను. …ఔను, సాయంత్రం వానట. సగమే వేశాను మొక్కజొన్న. …వేస్తాలే, అదిప్పుడెందుకు! నన్ను ఓదార్చకు తల్లీ, తట్టుకోలేను. తిట్టు. ఒక్క మాట తిట్టి పెట్టెయ్…

హలో?… మేరెన్?… తిట్టకుండానే పెట్టేశావా… హలో…