ముసలావిడ గది స్విచ్చు

హలో… ఆ, నేనేరా అప్పాజీ, చిట్టెమ్మక్కని. ముసఫ్ఫాలో నీ కరెంటు సామాన్ల షాపులోనే ఉన్నావా?… అయితే చేతిలో పని కింద పెట్టి నా మాట ఇను. మళ్ళీ పోయింది.

…ఏం పోయిందేంటి! ఆ దిక్కుమాలిన స్విచ్చురా! మేడమ్ వాళ్ళమ్మ గదిలో గోడకి అంటించిందని చెప్పలేదూ… ఆ, అదే. తీగా లేదు, పాడూ లేదు. లోపల బొట్టుబిళ్ళంత సెల్లు. ముసలావిడ మంచం మీంచే చెయ్యి చాపి నొక్కితే లైటు వెలగాలి. వెలిగితే కదా!

…నొక్కానురా. మెల్లిగా నొక్కాను, గట్టిగా నొక్కాను, గుద్దాను. ఆఖరికి దండం కూడా పెట్టాను.

…యాప్పు నా ఫోన్లో ఎందుకుంటది? మేడమ్ ఫోన్లో ఉంది. ఆవిడ ఆఫీసులో కూర్చుని మెసేజీలు పెడతంది. 'చిట్టీ, వై ఆఫ్‌లైన్?' అంట. నేనెక్కడికీ పోలేదు మేడమ్, ఇంట్లోనే ఉన్నానని పెట్టాను.

…నవ్వకు! ఇక్కడ నా ప్రాణం పోతంటే నీకు నవ్వొత్తందా? నేను మనూరికి పిల్ల పురుటికెళ్ళిన నెల్లాళ్ళూ ముసలావిడ తనంతట తను లైటేసుకోగలిగితేనే నన్ను పంపుతానందిరా. లేపోతే సెలవు ఖలాస్. చీకట్లో బాత్రూముకి లేచి పడితే ఎవరు దిక్కని. అదీ నిజమేననుకో. కానీ మా శాంతిప్రియకి తొలికాన్పు! పుట్టింట్లో తల్లుండి పురుడు పొయ్యాల్సింది పోయి, పిల్ల ఆసుపత్రిలో ఎవరి మొహం చూత్తది?

…మొదటి సెల్లా? అది నా వల్లే పోయింది, ఎవరు కాదన్నారు? మందగించిందని బాల్కనీలో ఎండబెట్టాను. …మరి నాన్న టార్చిలైటు సెల్లులు ఎండబెట్టేవోడు కాదూ? ఇంకో వారం వెలిగేవి కాదూ? …ఈ ఎడారి దేశం ఎండ మనూరి ఎండ కాదని ఆ సెల్లు పూరీలా పొంగాకే తెలిసింది! అప్పట్నుంచీ ఏం పోయినా నా నెత్తినే. నిన్న మేడమ్ తన చేత్తో కొత్తది వేసి, దీన్ని ముట్టుకోవద్దంది. ముట్టుకోలేదు. ఇవాళ పోయింది!

…మూత తియ్యాలా? ముట్టుకోవద్దన్నాక మళ్ళీ… సరే, సరే. ఉండు, స్పీకర్లో పెడతాను. గోరు పెట్టి లాగితే… ఆ, ఊడింది. ఒరేయ్… ఇందులో సెల్లే లేదు!

…ఖాళీరా! ఆఫ్‌లైనో కాదో నాకెందుకు, ఖాళీ! నేను తియ్యలేదు, అమ్మతోడు. ఈ గదిలోకి ఇంకెవరొత్తారు? నేనూ, ముసలావిడా…

…

అప్పాజీ, ఈవిడ నన్ను చూసి గోడకేసి తిరిగిందిరా. యుమ్మా… ఇటు చూడు అమ్మా. నోరు బిగబట్టింది… ఓరి నాయనోయ్, మింగేసిందేమో! యుమ్మా, నోరు తెరు! తెరవమంటంటే!… హమ్మయ్య. నోట్లో లేదు. గుప్పిట్లో ఉంది. వదలదేంటి తల్లీ… లా, లా… వద్దు వద్దని ఏడుపు… ఆ. దొరికింది. దొరికిందిరా.

…ఎందుకా? ఉండు, అదే అడుగుతన్నాను.

…

స్విచ్చు పనిచేత్తే చిట్టి ఎల్లిపోద్దంట. చెయ్యకపోతే ఉంటాదంట. వాళ్ళమ్మాయి అలాగే చెప్పిందంట.

…కోపం రాదా? వచ్చింది! అక్కడ నా కూతురు రోజులు లెక్కెట్టుకుంటంటే ఇక్కడ ఈవిడ నా సెలవు గుప్పిట్లో పెట్టుకుని పడుకుంది! తిడదామనే నోరు తెరిచాను. కొంగు పట్టుకుని వదలట్లేదురా, ఏమని తిట్టను?

…మేడమ్‌కి చెప్తే? నా మాట నెగ్గుద్ది. తల్లి సెల్లులు పీకుతుందని తెలిత్తే, మింగేత్తదన్న భయంతో నన్నసలు గుమ్మం దాటనివ్వదు. చెప్పినా పోయిందే, చెప్పకపోయినా పోయిందే.

…నేనెందుకు వెళ్తన్నానో ఈవిడకెవరు చెప్పార్రా? ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఉండు. యుమ్మా… నా బింత్… ఆ, నా కూతురు. ఇదిగో ఫొటో. పొట్ట చూడు. బేబీ. చిట్టి పోకపోతే ఎవరు చూత్తారు, నువ్వే చెప్పు…

…

లైన్లో ఉన్నావా? ఏం లేదురా. ఫొటోని ముద్దెట్టుకుంది. నా కొంగు వదిలేసింది. సెల్లెయ్యమని చేత్తో చూపిత్తంది.

…ఆ, వేశాను. శుక్రవారం వచ్చి ఈ మూతకి గట్టిగా స్క్రూ బిగించు, మర్చిపోకు. యుమ్మా, నొక్కు… వెలిగిందిరా!

…అయ్యో, ఆరిపోయింది. మెసేజీ… 'చిట్టీ, పగలు లైటెందుకు?' అంట. అక్కణ్ణుంచి ఆవిడే ఆపేసింది! …యుమ్మా మళ్ళీ నొక్కింది. వెలిగింది. …మళ్ళీ ఆపేసింది. ఈవిడ మళ్ళీ… నొక్కు యుమ్మా, నొక్కు! నీయంతట నువ్వు లైటేసుకోగలవని నీ కూతురికి తెలియాలి!

…ఒరేయ్, మేడమ్ ఫోను వత్తంది. నేను మాట్లాడను, ఈవిడకే ఇత్తాను. నువ్వు పెట్టెయ్. …ఇదిగో యుమ్మా, నీ కూతురు. చెప్పు.