రెక్కలు వదిలి బస్సెక్కినవాడు

1999లో ఒక మధ్యాహ్నం. నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడ్డ డిగ్రీ అమ్మాయి, పక్కనున్న కుర్రాణ్ణి నిలదీసింది.

"నిన్న లారీ గుద్దబోతే నన్నెత్తుకుని గాల్లోకి ఎగిరావు. నిజం చెప్పు, ఎవరు నువ్వు?"

"దేవదూతని. రాక్షసుల్ని పట్టుకోడానికి వచ్చా."

"ఎవరైనా దొరికారా?"

"నువ్వే."

"తెలిసిపోయిందా! మా అమ్మమ్మది రాక్షసజాతి. మరి నన్నెందుకు కాపాడావు?"

"నువ్వు నవ్వితే వచ్చిన పని మర్చిపోతున్నా."

"మీ పైవాళ్లు ఊరుకుంటారా?"

"ఊరుకోరు. అందుకే పొద్దున రెక్కలు వాళ్లకిచ్చేసి వచ్చా. ఇక పైకి పోలేను."

"అయ్యో! నాకోసమా? ఇప్పుడెక్కడికెళ్తావ్?"

"నువ్వు రమ్మంటే నీతో, ఈ బస్సులోనే."

"రా. కానీ జనాన్ని తోసుకుని ఎక్కాలి."

"నాకు చేతకాదే!"

"రాక్షసిని, నేనున్నాగా. చెయ్యి పట్టుకో."