స్తంభం నించి స్తంభం దాకా

కోరాపుట్‌లో ఒక ఆసుపత్రి. కంటి ఆపరేషన్ గది బయట, కిటికీ పక్క మంచం. పొద్దున్న పదకొండు గంటలు.

"కళ్ళు మూసుకోమన్నాను పాపాయమ్మగారూ, బిగించమనలేదు."

"మూసీసేను సిస్టరమ్మా. ఇంకేటి మూయమంటావు?"

"నోరు."

"ఒలమ్మ! కంటికి ఆపరేసనని రాయగడ నించి రైలెక్కి వస్తే నోటికి తాళమేస్తన్నారేటి!"

"మీ బీపీ నూట ఎనభై రెండు ఉంది. మాత్ర వేశాను. గంటలో నూట అరవై లోపుకి రాకపోతే డాక్టర్‌గారు కత్తి ముట్టరు. మళ్ళీ ఆయన వచ్చేది వచ్చే నెలే. అప్పటిదాకా ఆ మసక కన్నుతోనే రోడ్డు మీద తిరుగుతారా?"

"తిరగనేనమ్మా. మొన్న పక్క నించి సైకిలోడు గుద్దీసేడు. ఈ పక్క నాకేటీ అగుపడదు. రేపు లారీ వస్తే? మా సూపర్‌వైజరు సెప్పీసేడు, కన్ను బాగయ్యేకే సీపురు ముట్టుకోమని."

"అందుకే అంటున్నాను. మాత్ర పని మాత్ర చేస్తుంది. మీ పని మీరు చెయ్యాలి."

"నా పనేటి?"

"ఏ పనీ చెయ్యకపోవడం."

"అది నాకు రాదు. ముప్పై ఏళ్ళ నౌకరీలో ఎవులూ నేర్పలేదు."

"నేను నేర్పుతాను. ఊపిరి పీల్చి వదలండి, ఒకటి. మళ్ళీ పీల్చి వదలండి, రెండు. పది దాకా వెళ్ళి, మళ్ళీ ఒకటికి రండి. మనసు పక్కకి పోతే తిట్టుకోవద్దు. మళ్ళీ ఒకటి."

"ఒకటి... రెండు... మూడు..."

"మనసులో."

"..."

"..."

"..."

"ఎంతవరకు వచ్చారు?"

"నలభై మూడు."

"పదికి ఆగమన్నాను కదా!"

"ఆపినోల్లు నేరు. పరిగెట్టీసేను."

"సరే, లెక్కలు వద్దు. స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నారనుకోండి. మీ ఆలోచనలన్నీ రైలుబళ్ళు. వస్తాయి, పోతాయి. మీరు ఎక్కకూడదు. చూస్తూ ఊరుకోవాలి."

"ఏ స్టేసను?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే ఎలగ? రాయగడయితే జనం. మునిగుడయితే మూటలూ, బుట్టలూ. కూకోడానికి బెంచీ దొరకొద్దా?"

"కకిరిగుమ్మ అనుకోండి. చిన్న స్టేషను, నిమ్మళంగా ఉంటుంది."

"సరే. కూకున్నాను. అదిగో, వచ్చింది బండి."

"ఏం ఆలోచన?"

"మా బిజయ్‌గాడు. నా కొడుకమ్మా, మునిసిపాలిటీలో సెత్తబండి డ్రైవరు. పొద్దున్న తిన్నాడో నేదో."

"తినే ఉంటారులెండి. పోనివ్వండి ఆ బండిని."

"ఉంటారా? సెత్తబండోడికి అంత మరియాదేటి సిస్టరమ్మా?"

"అందరినీ అలాగే అంటాను. బండి పోయిందా?"

"పోదు. కకిరిగుమ్మలో బండి బేగి కదిలిందేటి ఎప్పుడైనా? ఎదర బండొచ్చేదాకా ఇది నిలబడే ఉంటాది. నానూ కూకునే ఉన్నాను."

"పాపాయమ్మగారూ, నవ్వించకండి. నేను డ్యూటీలో ఉన్నాను."

"నవ్వితే బీపీ తగ్గదేటి?"

"తగ్గుతుంది. కానీ మీరు నవ్వాక ఊరుకోరు, మాట్లాడతారు. మాట్లాడితే పెరుగుతుంది. పోనీ, మీకు ఇష్టమైన దేవుడి పేరు నెమ్మదిగా అనుకోండి. అదొక్కటే."

"మీ దేవుడా, మా తల్లా?"

"మీ లోపల ఎవరు వింటారో వాళ్ళ పేరే."

"మజ్జిగౌరమ్మ తల్లీ... మజ్జిగౌరమ్మ తల్లీ..."

"ఆఁ, అలాగ."

"అలాగేటి అలాగ! తల్లి పేరెత్తగానే మొక్కు గుర్తొచ్చింది. మొక్కు గుర్తొస్తే కోడి గుర్తొచ్చింది. కోడెనక ఎదురింటోల్ల కుక్క. కుక్కెనక ఎదురింటిదాని నోరు. నిన్న నన్ను ఎంత మాటందో!"

"ఏమంది?"

"అదిగో! నువ్వూ ఎక్కీసేవు బండి!"

"అయ్యో. సరే, దిగిపోయాను. మీరూ దిగండి."

"ఎక్కేవు కదా, ఇనీసే దిగు. 'మీ బిజయ్ ఎవులో కిరస్తానం గుంటని సేసుకుంటాడట కదా పాపాయమ్మా' అంది. నలుగురి ఎదర. సిస్టరమ్మా? ఉన్నావా, ఎల్లిపోయేవా?"

"ఉన్నాను. మీరు మాట్లాడకూడదు."

"నువ్వే అడిగేవు. ఆ గుంట కూడా నర్సేనట. ఇక్కడే, కోరాపుట్‌లోనే ఏదో ఆసుపత్రిలో. నీకు తెల్సేటి?"

"ఇక్కడ నర్సులు బోలెడు మంది. కాలి బొటనవేలు వదిలెయ్యండి."

"ఏటి?"

"అది ఇంకో పద్ధతి. బొటనవేలి దగ్గర మొదలుపెట్టి, ఒక్కోచోట బిగువు వదులుకుంటూ పైకి రావాలి."

"బొటనేలు నానెప్పుడు పట్టుకున్నాను ఒదలడానికి?"

"పాదాలు వదలండి. పిక్కలు వదలండి. మోకాళ్ళు..."

"మోకాళ్ళ కాడ ఆగు. అక్కడ నొప్పి కాపరముంది. దాటనివ్వదు."

"ఇలా కాదు. చెయ్యివ్వండి, నాడి చూస్తాను."

"సూడు. నీ సెయ్యేటి ఇలగ సల్లబడిపోయింది?"

"ఏసీ."

"ఏసీ గాలి నా మీదకే కొడతంది. నీకు చెమటలు పడతన్నాయి."

"పొద్దున్న ఏమీ తినలేదు. హడావుడిగా వచ్చేశాను."

"మా సెల్లి కూతురు శ్రీదుర్గ కిందకి టిఫినుకెల్లింది. రెండు ఇడ్లీలు తెమ్మంటానుండు."

"మీరు కదలకండి! ఇక్కడ పేషెంటు మీరు, నేను కాదు. ఒక్క మాట అడుగుతాను, దానికే జవాబు చెప్పండి. రోడ్డు ఊడుస్తున్నప్పుడు మీరేం ఆలోచిస్తారు?"

"ఊడిసేటప్పుడా? ఏటీ నేదు."

"ఏమీ లేదా? ఇంత మనసు పెట్టుకుని?"

"ఏటీ నేదమ్మా. కొత్తల్లో అయితే ఏడ్సీసేదాన్ని. స్టేసను రోడ్డు ఈ కొసన నిలబడి ఆ కొసకి సూస్తే ఉసూరుమనేది. అంత రోడ్డు నానెప్పటికి ఊడుస్తానని. మా అత్తదీ ఇదే పని. ఆవిడ సెప్పింది. రోడ్డు సూడకే, తంబం సూడు. ఈ కరెంటు తంబం నించి ఆ తంబం దాకానే నీది. ఆడికెల్లేక నడుమెత్తు. సీపురు తిరగేసి రెండు దెబ్బలు కొట్టి పుల్లలు సదురుకో. అప్పుడు ముందల తంబం సూడు. గాలొచ్చి ఎనక ఆకులు రాల్సినా ఎనక్కి సూడకు, అంది."

"ఎంత గొప్ప మనిషి మీ అత్తగారు!"

"మడిసి కాదు, రాచ్చసి. అన్నం ముద్దకి కూడా లెక్క సెప్పేది. ఆ మాట మట్టుకు అన్నం పెట్టింది."

"పెద్దమ్మా, ఇంతసేపూ నేను చెప్పలేక చస్తున్నది అదే! బళ్ళూ, బొటనవేళ్ళూ అని ఏదో వాగాను. కళ్ళు మూసుకోండి. స్టేషన్ రోడ్డు. చీపురు పట్టుకోండి."

"పడుకునా?"

"పడుకునే. మొదటి స్తంభం దాకానే."

"ఆకులు... టీ కప్పులు... గుట్కా కాగితాలు... ఈ సిన్మా పోస్టరు ఎవులు సింపేరో..."

"ఏం ఊడుస్తున్నారో చూడొద్దు. చీపురు చప్పుడు వినండి."

"సర్... సర్..."

"ఊపిరి కూడా దానితోనే పోతోంది, తెలుస్తోందా?"

"ఊఁ."

"..."

"వచ్చింది తంబం."

"నడుమెత్తండి. పుల్లలు సర్దుకోండి. ఇంకో స్తంభం."

"..."

"..."

"వచ్చింది."

"ఎంత బాగా వెళ్తున్నారో! ఇంకోటి."

"..."

"..."

"ఆగిపోనాను."

"ఎందుకు?"

"ఈ తంబం కాడ ఓ కుప్పుంది. ఎన్నిసార్లు ఊడిసినా మల్లీ అక్కడే."

"ఏం కుప్ప?"

"వద్దు. నువ్వు మల్లీ బండెక్కీస్తావు."

"ఎక్కను. ఒక్కసారి చెప్పేసి తట్టలోకి ఎత్తెయ్యండి."

"ఆ నర్సు గుంటదే. కిరస్తానమని నాకేటీ బాద నేదు. ఏ దేవుడైనా దేవుడే. ఆల్ల నాన్న జయపురంలో మేస్టరట. మేస్టరు కూతురమ్మా! మావోడు ఆ పిల్లకి ఏటని సెప్పుంటాడంటావు? మా అమ్మ మునిసిపాలిటీ ఆపీసులో పని సేస్తాదని సెప్పుంటాడు. కుర్సీలో కూకుంటాదని. రేపు ఆ పిల్ల వచ్చి నా సేతిలో సీపురు సూస్తాది. నాకు సిగ్గు నేదు, ఈ సీపురుతోనే ఆడిని పెంచేను. కాని ఆ పిల్ల మొకం పక్కకి తిప్పుకుందనుకో, నాను తట్టుకోనేను. నెల రోజులయి నిద్దర పట్టదు. అదమ్మా కుప్ప."

"బిజయ్ అలా చెప్పలేదు. అతను అలాంటివాడు కాదు పెద్దమ్మా. మొదటిరోజే చెప్పాడు. చెత్తలో గాజుపెంకు చెయ్యి కోసేస్తే, అప్పట్లో నేను పనిచేసిన రాయగడ ఆసుపత్రికి కుట్లకి వచ్చాడు. నేను కుట్టు వేస్తూంటే చెప్పాడు. మా అమ్మ స్టేషన్ రోడ్డు ఊడుస్తుంది, ఆవిడ ఊడ్చిన చోట అన్నం పెట్టుకుని తినొచ్చు అని. ఎంత గర్వంగా చెప్పాడో! ఆ గర్వం చూసే నేను..."

"నువ్వేటమ్మా? కుట్టు మద్దిన ఆపీసేవు."

"నన్ను క్షమించండి. ఆపరేషన్ అయ్యేదాకా చెప్పొద్దన్నాడు, మీ బీపీ పెరుగుతుందని. ఆ నర్సుని నేనే. నా పేరు జెరూషా."

"జెరూషా. నోరు తిరగదు గాని, బాగుంది."

"కోపం వచ్చిందా?"

"బీపీ సూడు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే సూడు."

"... నూట నలభై ఆరు."

"మల్లీ సూడు. సరిగ్గా సూసేవో నేదో."

"మిషను అబద్ధమాడదు పెద్దమ్మా... నూట నలభై నాలుగు."

"మరి ఏడుస్తావేటి? నూట నలభై నాలుగంటే మంచిదే కదా?"

"మంచిదే. చాలా మంచిది. మా నాన్నగారు నాతో మూడు నెలలు మాట్లాడలేదు పెద్దమ్మా. మొన్న ఆదివారం చర్చి నించి వస్తూ ఒక్కటే అడిగారు. ఆ అబ్బాయి వాళ్ళమ్మ ఒప్పుకుందా అని. ఆవిడ కాదంటే ఆ గుమ్మం తొక్కొద్దమ్మా, ఒక తల్లిని ఏడిపించి కాపురం చెయ్యకు అన్నారు. అందుకే మీ పేరు లిస్టులో చూసినప్పటి నించీ నాకు అన్నం దిగలేదు. మీరు కాదంటే నేనేం చెయ్యాలి? బిజయ్‌ని వదులుకోలేను. మిమ్మల్ని ఏడిపించలేను."

"ఆ మాత్ర నీకూ ఓటి ఎయ్యాల్సింది."

"మీకన్నీ వేళాకోళాలే."

"ఏడుపొస్తే నాను అలగే మాటాడతాను. ఊరుకో. మేస్టరు నీకు మంచి మాటే సెప్పేరు. ఆయన్తో నాను మాటాడతాను. ఆయనెదర కుర్సీలో కూకుని మాటాడతాను, ఏటనుకున్నావు!"

"పాపాయమ్మ! ఆసన్తు, ఆసన్తు! డాక్టర్ డాకుఛన్తి!"

"పిలుస్తున్నారు, లేవండి. ఆ అమ్మాయి సుభశ్రీ, లోపలి నర్సు. మిమ్మల్ని తనే తీసుకెళ్తుంది. చెప్పులు ఇక్కడే వదిలెయ్యండి. మెల్లిగా, మెల్లిగా."

"నువ్వు రావేటి?"

"నా డ్యూటీ బయటే. ఇక్కడే నిలబడి ఉంటాను. పెద్దమ్మా, ఒక్క మాట. నేనేనని మీకు కాస్తయినా అనుమానం రాలేదా?"

"అనుమానమేటి అమ్మి? నాకు పోయింది కన్ను, సెవులు కావు. రెండేళ్ళయి పనయ్యేక ఆడి బండిలోనే ఇంటికెల్తన్నాను. పోను మోగితే సాలు, 'ఆపీసోల్లమ్మా' అని బండాపి దిగిపోతాడు. దిగీలోపల నీ గొంతు బండంతా ఇనబడిపోద్ది. ఏ ఆపీసోల్లు 'తిన్నావా, గ్లౌజులేసుకున్నావా' అని అడుగుతారు?"

"అంటే ఇందాక నేను మీకు బీపీ పట్టీ కడుతున్నప్పటికే..."

"ఆ గొంతు ఇనే కదా, నూట ఎనభై రెండెక్కింది!"

"ఎంత గడుసువారండీ! మరి ఆ ఆఫీసు మాటా, కుర్చీ మాటా... అదంతా నా నోటంట చెప్పించాలనేనా?"

"బయం నిజమే అమ్మి. దాని మందు నీ నోట్లో ఉంది."

"ఏమైనా, ఇన్ని ఆసుపత్రులుండగా మీరు నా దగ్గరికే రావడం దేవుడి దయ."

"దేవుడి దయేటి పిచ్చి గుంటా! మా రాయగడలో కంటి ఆపరేసన్లు సెయ్యరనుకున్నావేటి? పోన్నెల మా ఎదురింటిదానికి అక్కడే సేసేరు. నీ ఆసుపత్రి పేరు కూడా ఆ పోనులోనే ఇన్నాను. నాను ఇంత దూరం రైలెక్కింది కన్ను కోసమనుకున్నావేటి, కోడలా?"