అయిదు సమాధుల పూసల వరస

ఇంగ్లండులోని సఫోక్‌లో, పాత సమాధుల తవ్వకాల పక్కన రేకుల షెడ్డు. బయట వాన. లోపల ఇద్దరే: పాతకాలపు గాజుపూసల మీద పరిశోధన చేసే డాక్టర్ ఆల్డస్ థర్కెటిల్, తవ్వకాల్లో దొరికిన పూసలు కడిగిపెట్టే ఊరావిడ మేవిస్ కాచ్‌పోల్.

"మళ్లీ చెప్పండి, మేవిస్ గారూ. ఎవరు గుచ్చారన్నారు?"

"నేనే, డాక్టరు గారూ. టీ చల్లారిపోతోంది, తాగండి."

"టీ సంగతి తర్వాత! పధ్నాలుగు వందల ఏళ్ల నాటి పూసలు. దారం ఎప్పుడో మట్టయిపోయింది. ఏ పూస ఎక్కడ దొరికిందో నంబరు రాసి, ఒక్కోటీ ఒక్కో సంచిలో మీకు ఇమ్మన్నాను..."

"ఇచ్చారు. కడిగాను. మా ఆయన పాత పళ్ల బ్రష్షుతో, మెత్తగా."

"కడిగి?"

"దొర్లిపోతున్నాయండీ. ఒకటి బల్ల కింద దూరింది. అందుకని చేపల గాలం దారానికి గుచ్చేశాను."

"నంబర్ల వరసలోనేనా?"

"బిస్కెట్టు తీసుకోండి."

"మేవిస్ గారూ!"

"నంబర్ల వరసలో ఏం బాగాలేదండీ. ఎరుపు పక్కన ఎరుపు, చివర్న ఒంటి నీలం. చచ్చిపోయినావిడ కూడా ఒప్పుకోదు. రెండు పసుపు, ఒక ఎరుపు, రెండు పసుపు, ఒక నీలం... అలా వేస్తే కళొచ్చింది."

"నాకు పంపిన ఫొటోల్లో రెండో సమాధి పూసలదీ అదే వరసే!"

"అదీ నేనే."

"మూడోది?"

"అయిదూ నేనేనండీ. ఇంకెవరున్నారిక్కడ?"

"ఆ సంచులేవి? నంబర్లు చూసి సరిచేద్దాం."

"సంచులా? శుభ్రంగా ఉన్నాయని, నంబర్లు చెరిపి, శాండ్‌విచ్‌లు కట్టాను."

"దేవుడా! దొరికినప్పుడు నేనిక్కడుండి ఉంటే..."

"నేనూ అదే అనుకున్నాను. ఒక్కసారీ రాకపోతిరి."

"లండన్‌లో ఈ వరస గురించే రాస్తూ కూర్చున్నానమ్మా! ఇది తల్లి నుంచి కూతురికి వచ్చే వంశం గుర్తని నాలుగొందల పేజీలు! అచ్చయిపోయింది. నాలుగింటికి ఊరి హాల్లో ఉపన్యాసం."

"కుర్చీలు కూడా వేసేశారు, పాపం. చర్చి ఫాదరు గారు ముందే వచ్చి కూర్చున్నారు."

"ముప్పయ్యేళ్ల పేరు ఇవాళ్టితో సరి... ఆగండి. ఆ వరస మీకెవరు నేర్పారు?"

"నేర్పేదేముంది? మా అమ్మ అలాగే గుచ్చేది."

"ఆవిడకి?"

"మా అమ్మమ్మ. వేరేలా గుచ్చితే చేతి మీద ఒక్కటిచ్చేది."

"ఆవిడది ఏ ఊరు?"

"ఇదే. మాకింకో ఊరెక్కడిది?"

"మేవిస్ గారూ! తల్లి నుంచి కూతురికి! నేను రాసింది అక్షరాలా నిజం! ఆ అయిదుగురూ మీ ముత్తవ్వలే! సాక్ష్యం నా ఎదురుగా కూర్చుని టీ పోస్తోంది!"

"మా ముత్తవ్వలా? ఖాయమేనా?"

"ఖాయం! నాలుగింటికి ఊరందరి ముందూ చెబుతాను!"

"తప్పకుండా చెప్పండి. మీ చేతిలో ఉన్న ఆ పూసల పెట్టె మాత్రం ఇటివ్వండి. మా ముత్తవ్వల మెళ్లో పూసలు మీ దగ్గరెందుకు?"