బడి ముందు బండ

పొద్దున బడి ముందు మురిక్కాలవ మీది చెక్క విరిగి నా కూతురు లోపలికి పడిపోయింది. పక్క షాపు దర్జీ దిగి పైకి తీశాడు. కాలికి కట్టు కట్టించి, మా అమ్మ దగ్గర పడుకోబెట్టి, నేరుగా టీ కొట్టుకి వెళ్లాను. మా వార్డు మెంబరు సాయంత్రం పూట అక్కడే ఉంటాడు. బడి వదిలితే పిల్లలంతా ముందు గేటులోంచి ఆ కాలవ దాటే వస్తారు. ఆ సంగతే చెప్పాలి.

ఆయన అప్పటికే మొదలుపెట్టేశాడు.

"రా అక్కా, కూర్చో. నీ పని తర్వాత చూద్దాం, ముందిది విను. గొప్ప చెప్పుకుంటున్నానని కాదుగానీ, టౌన్ బోర్డంటే ఏమనుకుంటున్నారర్రా? కుళాయిలో నీళ్లు రావాలన్నా మేమే, వీధి దీపం వెలగాలన్నా మేమే, చెత్త తియ్యాలన్నా, గోడ కట్టుకోవాలన్నా, ఆఖరికి చచ్చాక చోటు చూపించాలన్నా మేమే. అయితే అందులో మిగతావాళ్లు కుర్చీలకి బరువు. పని నాది. బడి ముందు కాలవ మీద బండ వేయించిందెవరు?"

"ఎవరు బాబాయ్?" అన్నాడు కరెంటు పనివాడు, కన్ను గీటుతూ.

"నేనే! చైర్మన్ కుదరదన్నాడు. నేను చెయ్యెత్తాను. దించితే ఒట్టు! మీటింగు అయిపోయింది, ఫ్యాన్లు ఆపేశారు, తాళం వేసుకుని పోయారు, నా చెయ్యి అలాగే ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిచ్చుక వచ్చి అరచేతిలో గూడు కట్టింది. గుడ్లు పెట్టింది. పిల్లలకి రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా దించలేదు. చైర్మన్ వచ్చి, బాబూ, నీ బండ నీకిస్తాం, చెయ్యి దించు అని బతిమాలాడు."

"మరి అన్నం ఎలా తిన్నావన్నా?" అన్నాడు సెలూన్ అతను.

"రెండో చెయ్యి లేదూ? మధ్యలో అడ్డం రాకు. బండ ఎంత మందమనుకున్నావ్? కొండలోంచి కోస్తే కొండ పొట్టిదైపోయింది. పరిచాక లారీ నడిపించాం, కిక్కురుమనలేదు. రోడ్డు రోలర్ ఎక్కించాం. బండ చదునవ్వలేదు, రోలరే అప్పడమైపోయింది! దాన్ని చుట్ట చుట్టి ఆఫీసు గదిలో పెట్టాం."

"మేం చూడలేదే!" అన్నాడు టీ కొట్టాయన.

"తలుపు తీస్తేగా చూడ్డానికి? ఇంకా విను, అసలు సంగతి ఇప్పుడొస్తుంది. వాన పట్టుకుంది. ఊళ్లో నీళ్లన్నీ కాలవలోకి ఉరికాయి. బండ దగ్గరకొచ్చాయి. చూశాయి. భయపడ్డాయి. వెనక్కి తిరిగి, మెట్లెక్కి, వాటర్ ట్యాంకులో బుద్ధిగా కూర్చున్నాయి. ఆ ఏడాదంతా మోటారు వెయ్యాల్సిన పనే లేదు. పైన దారి తప్పిన విమానం ఒకటి బండను చూసి, ఇంత గట్టి చోటు ఇంకెక్కడుందని—"

"అక్కడ బండ లేదు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏంటక్కా?"

"చెక్క ఉండేది. పొద్దున అదీ విరిగింది. మా పాప పడింది. కాలు విరిగింది."

టీ కొట్టాయన పోస్తున్న టీ ఆపేశాడు. మెంబరు నవ్వబోయి, నా చీరకంటిన బురద చూసి ఆగిపోయాడు.

"అదెలా? బోర్డులో పాసయింది కదక్కా. అందరం చెయ్యెత్తాం. పాసయిందంటే బండ పడ్డట్టే."

"వెళ్లి చూశారా?"

"చూడ్డం మెంబర్ల పని కాదు. పని జరిగిందో లేదో చూడ్డానికి వేరే కమిటీ ఉంది."

"ఆ కమిటీలో ఎవరు?"

ఆయన ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు.

"ఇంకెవరు, బాబాయే," అన్నాడు కరెంటు పనివాడు. ఇప్పుడు వాడి మొహంలో నవ్వు లేదు. "కమిటీ మొత్తం ఆయనొక్కడే. బండ భేషుగ్గా ఉందని మొన్న మీటింగులో లేచి చెప్పింది కూడా ఆయనే."

మెంబరు గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"రేపు... రేపు మీటింగు పెట్టించి..."

"రేపు కాదు. బడి వదిలేస్తారు. లేవండి."

లేచాడు. మిగతావాళ్లూ వెనకాలే వచ్చారు. కాలవ దగ్గర విరిగిన చెక్క ఒక కొసన వేలాడుతోంది. కింద నల్లటి నీళ్లు. ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇందులోనా, అక్కా?"

తలూపాను.

గంట కొట్టారు. పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ గేటు దాటుతున్నారు. ఆయన పక్కనే కాలవ మీదుగా ఉన్న సన్నటి గట్టు మీంచి అవతలికి పోయి, రెండు చేతులూ చాపి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

ముందొచ్చిన పిల్ల అడిగింది: "ఏంటి తాతా, ఇక్కడేముంది?"

ఆయన నోరు తెరిచాడు. ఏమంటాడోనని అందరం చూస్తున్నాం.

"ఏమీ లేదమ్మా," అన్నాడు. "ఇక్కడ ఏమీ లేదు. వెనక గేటు నుంచి పొండి."