‘ఇతరులు’ గడిలో కనకమ్మ

సభకు అధ్యక్షత వహించిన మన డైరెక్టర్ కామేశ్వరరావు గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, నాతోపాటు ఎండలో ఇల్లిల్లూ తిరిగిన సర్వే మిత్రులకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మా సాయమ్మకు నమస్కారం. సాయమ్మా, జర కూసో. టీలు తర్వాత ఇద్దువు. (నవ్వులు)

ఇరవై ఆరేండ్లు ఈ మాదాపూర్ ఆఫీసుల ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా చేసి ఇయ్యాల రిటైరైతున్న. శేరిలింగంపల్లి నుంచి బోరబండ దాకా నేను తట్టని తలుపు లేదు, నన్ను చూసి మొరగని కుక్క లేదు. (నవ్వులు) ఇందాక మౌనిక నా గురించి చెప్పుకుంట ‘మా భాస్కర్ సార్ సర్వే ఎన్నడూ తప్పలేదు’ అన్నది. తప్పింది బిడ్డా. అది చెప్పకుండ ఈ శాలువా కప్పుకోబుద్ధి అయితలేదు.

పోయినసారి కార్పొరేటర్ ఎన్నికలప్పుడు ఎవరికి ఓటేస్తరని అడిగే బోరబండ సర్వే ఫారంల మూడు పార్టీలోళ్ల పేర్లే అచ్చేసినం. మురుగు మోరీల కోసం, నల్లా నీళ్ల కోసం పదేండ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఏ పార్టీ లేకుండ ఒక్కతే నిలబడ్డ కనకమ్మ పేరు లేదు. ఎవరన్న ఆమె పేరు చెప్తే ‘ఇతరులు’ గడిల టిక్కు పెట్టుమని మా పిల్లలకు నేనే నేర్పిన. ఆ గడికి పద్దెనిమిది శాతం వచ్చింది. పేరు లేని శాతమని పేపరోళ్లు దాన్ని వెయ్యనే లేదు.

ఫలితాలొచ్చినంక బోరబండల ఉండి మన ఆఫీసు ఊడ్చే సాయమ్మ నన్ను అడిగింది: "సార్, మా గల్లీల ఆడోళ్లందరం కనకమ్మకే ఏద్దామనుకున్నం. మీ సర్వేల ఆమె పేరే లేకపాయె. గెలవని మనిషికేసి ఓటెందుకు ఖరాబ్ చేసుకునుడని వేరేటోళ్లకేసినం. ఇప్పుడు అడిగితే అందరిదీ గదే మాట. ఏంది సార్ గిట్ల చేసిన్రు?"

కనకమ్మ ఓడింది రెండు వందల పన్నెండు ఓట్లతోని.

జనం ఏమనుకుంటున్నరో చెప్పుడే మన పని అనుకుంట ఇన్నేండ్లు గడిపిన. మనం చెప్పింది చూసి వాళ్లు మనసు మార్చుకుంటరని తెలుసు, తెలిసీ ఊకున్న. సిగ్గుగ ఉంది.

ఈసారి ఎన్నికలల్ల కనకమ్మ మళ్ల నిలబడ్డది. ఎల్లుండి మొదలయ్యే సర్వే ఫారం పొద్దున నా టేబుల్ మీదికొచ్చింది. మళ్ల మూడు పేర్లే. కామేశ్వరరావు గారూ, పేజీలో చోటు లేదన్నారు మీరు. నేను స్కేలు పెట్టి చూసిన సార్, కింద మన కంపెనీ బొమ్మను జర చిన్నగ చేస్తే ఒక పేరు పడతది. (నవ్వులు) నా సంతకం లేకుండ ఆ ఫారం అచ్చుకు పోదు. ఇయ్యాల సాయంత్రం ఆరు దాకా ఆ సంతకం నాదే. పేరు లేకుంటే పెట్టను. రేపు నా కుర్చీల కూర్చునే రాకేష్‌కు కూడ ఇదే మాట చెప్పిన.

ఇన్నేండ్లు అన్నం పెట్టిన సంస్థకు, ఎండల మంచినీళ్లిచ్చిన గడపలకు దండం. ఫారం నా జేబులనే ఉంది, మీరు బహుమతిచ్చిన పెన్ను కూడ ఉంది. డైరెక్టర్ గారు నాలుగో పేరు రాసేదాకా ఈ మైకు దగ్గర్నే నిలబడతా.

(కామేశ్వరరావు గారు లేచి, ఫారం అందుకుని, రాసి ఇచ్చారు.)

‘నాలుగు, కనకమ్మ.’ మంచిది సార్. ఇగో, నా సంతకం.

సాయమ్మా, ఇగ టీలు తే. అందరికీ సెలవు.