మాస్టారు అడిగిన గోలు

2003 మార్చి, మొదటి ఆదివారం. గుంటూరుకి దగ్గర్లో ఒక పల్లె. చర్చిలో ఆరాధన జరుగుతోంది. వెనకాల అరుగు మీద రిటైరైన లెక్కల మాస్టారు ఏసోబు, ఆయన పాత శిష్యుడు జయపాల్.

"అయితే ఈ ఏడు కూడా లేదన్నమాట."

"లేదండి మాస్టారూ."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా."

"నువ్వు గోవా క్లబ్బుకి పోయి తొమ్మిదేళ్లయిందిరా జయపాలూ. తొమ్మిదేళ్లు బంతి తన్ని ఒక్క గోలు వెయ్యనోణ్ణి నిన్నే చూస్తున్నా. మొన్న మన బళ్లో మూడో తరగతి బుడ్డోడు రెండేశాడు."

"నేను స్టాపర్నండి. గోల్ వెయ్యడం నా పని కాదు. అవతలోళ్లు వెయ్యకుండా ఆపడం నా పని."

"ఆపినందుకు జీతమిస్తారా?"

"ఇస్తారండి."

"అంటే వాచ్‌మన్."

"ఇంచుమించు. కర్ర మాత్రం ఇవ్వరు."

"నీకు నవ్వులాటగా ఉంది. మూడేళ్ల కిందట ఏం చెప్పాను నీకు? ఒక్క గోలు వేసి రారా, మా జెస్సీనిచ్చి చేస్తానన్నానా లేదా? లెక్కల మాస్టర్ని, సున్నాకి పిల్లనిమ్మంటావా?"

"చుట్ట ఎట్టా ఉందండి?"

"చుట్టకేం, భేషుగ్గా ఉంది. ఎక్కడిది?"

"కందుకూరు నుంచి తెప్పించా. నిదానంగా కాలుద్ది. అరగంట వస్తుంది."

"అదే వచ్చిన తంటా. ప్రకటనల టైముకి బయటికొచ్చి నాలుగు దమ్ములు లాగి లోపలికి పోయేవాణ్ణి. నువ్వు కాలి దెబ్బకి సెలవు పెట్టి వచ్చావు, మూడు వారాల్నుంచి ఇక్కడే తగులుకున్నావు. ఇంక పోతా, ప్రకటనలు అయిపోయుంటాయి."

"కూర్చోండి, కూర్చోండి. ఇంకా స్త్రీల కూటం సంగతులే చదువుతున్నారు. మీకో నిజం చెప్పాలి. ఒకటి వేశానండి."

"ఏంటి?"

"గోలు. రెండేళ్ల కిందట. కలకత్తాలో."

"మరి ఇందాకట్నుంచి నోట్లో ఏం పెట్టుకున్నావురా! ఎట్టా వేశావు?"

"తలతో. కార్నర్ నుంచి బంతి వచ్చింది, ఎగిరా, తగిలింది, దూరింది. స్టేడియమంతా లేచి అరిచింది."

"శెభాష్! మరి లేదంటావే?"

"మన గోల్లోనే దూరిందండి."

"మన గోల్లో అయితే మంచిదేగా?"

"కాదు మాస్టారూ. మనం కాపాడుకోవాల్సిన దాంట్లోకి నేనే కొట్టా. లెక్కలోకి వచ్చిందిలెండి, అవతలోళ్ల లెక్కలోకి."

"ఓరి నీ! అంటే సున్నా కూడా కాదు, మైనస్ ఒకటి! నేను పోతా."

"మాస్టారూ, ఒక్క నిమిషం. నేనీ ఆట ఎక్కడ నేర్చుకున్నానో తెలుసా మీకు?"

"నా క్లాసు ఎగ్గొట్టి."

"అది సరే. అంతకుముందు. అంకమ్మరావు గారి కల్లంలో. మా అమ్మ మిరపకాయలు ఎండబోస్తే గేదెలు తొక్కకుండా చూడమని నన్ను నిలబెట్టేది. గేదెతో పోట్లాడలేం కదండీ. అది ఎటు రాబోతోందో చూసుకుని ముందే అటు పోయి నిలబడాలి. ఓ ఏడాది ఒక్క కాయ తొక్కనివ్వలా. ఎవరైనా మెచ్చుకున్నారా? గేదె తొక్కితే మాత్రం ఊరంతా తిట్టేది."

"నువ్వు మంచోడివేరా. ఆ సంగతి నాకు తెలుసు."

"జెస్సీ అంటే నాకు ప్రాణమండి. నా మోకాలు ఇంకో రెండేళ్లు ఆడనిస్తుంది. ఆ తర్వాత పిల్లలకి కోచింగిచ్చే ఉద్యోగం ఇస్తామన్నారు. కాయితం కూడా ఇచ్చారు."

"చూశా. అదంతా సరే. రేపు నా బంధువులు అడుగుతారు, నీ అల్లుడు ఎన్ని గోల్స్ వేశాడయ్యా అని. ఏం చెప్పను?"

"ఎన్ని ఆపాడో చెప్పండి."

"ఆపినవి పేపర్లో రావురా. అయినా ఇప్పుడెందుకులే ఈ గొడవ. బుధవారంతో లెంటు దినాలు మొదలు. ఇంక ఈస్టర్ దాకా చర్చిలో పెళ్లిళ్లుండవు. నువ్వు గురువారం రైలెక్కుతావు. వచ్చే ఏడు చూద్దాం."

"పోయినేడు కూడా ఇదే మాటన్నారు."

"వచ్చే ఏడు కూడా అంటా. గోలు వేసిందాకా అంటా. ఏందిరా, లోపల పాస్టరుగారు ఏదో గట్టిగా అడుగుతున్నాడు, ఒక్కరూ పలకరే?"

"ఒక్కోసారి పలక్కపోవడమే మంచిదండి."

"ఆమెన్ అన్నా అనాలి కదా! లే, అడ్డు లే. ఏంటా కాళ్లు చాపుకుని కూర్చోవడం?"

"మోకాలండి. ముడుచుకోవట్లా. మీ చుట్ట ఆరిపోయింది, ఇదిగో అగ్గిపెట్టె."

"వద్దులే. అరే, అప్పుడే చప్పట్లెందుకు? చర్చిలో చప్పట్లేంటి? అదుగో, రెబ్కమ్మ బయటికొస్తోంది, అడుగుదాం."

"ఏం మాస్టారూ! ఇవాళ కూడా ఇక్కడే ఉన్నారా?"

"ఏంటి రెబ్కమ్మా ఆ గోల? ఎవరికి చప్పట్లు?"

"మీ జెస్సీకీ, ఈ జయపాల్‌కీ. ఇవాళ్టితో మూడో ప్రకటన అయిపోయింది. మూడు ఆదివారాలు పాస్టరుగారు ఇద్దరి పేర్లూ చదివి, ఈ పెళ్లికి అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే లేచి చెప్పండన్నారు. ఒక్కరూ లేవలేదు. ఎల్లుండి మంగళవారం పొద్దున పదింటికి పెళ్లి."

"నన్నడక్కుండానా? ఎవరిచ్చారు పేర్లు?"

"జెస్సీ సంతకం పెట్టింది. పక్కన మీ ఆవిడ పున్నమ్మ పెట్టింది. పిల్లకి ఇరవయ్యారు నిండాయి, ఇంకెవరు పెట్టాలి?"

"మూడు వారాలు! ఊళ్లో ఇంతమంది ఉండి నాకొక్క ముక్క చెప్పలా?"

"చెబితే లేచి నిలబడతారుగా! అందుకే అందరం నోళ్లు కుట్టుకున్నాం. ఈ మాట కడుపులో దాచుకోలేక మాస్టారూ, నాకు మూడు వారాలు అన్నం సయించలా."

"ఒరేయ్ జయపాలూ! అంటే నువ్వు చుట్టలిచ్చి, కబుర్లు చెప్పి, కాళ్లడ్డం పెట్టి, మూడు ఆదివారాలు నన్నిక్కడ..."

"ఆపానండి మావయ్యగారూ. తొమ్మిదేళ్లుగా నాకు జీతమిస్తోంది దీనికే."